ఊరికి డబ్బిచ్చారు, పెత్తనం ఇచ్చారా?

అఫ్ఘానిస్తాన్ మాట వస్తే మన ఇళ్లలో చర్చ తాలిబాన్ దగ్గర మొదలై తాలిబాన్ దగ్గరే ఆగిపోతుంది. ఈ ఇద్దరు మాత్రం అక్కడి ఊళ్ల బావుల గురించి, కాలువల గురించి, గోధుమల పంపిణీ గురించి గొంతు చించుకుంటారు. ఒకరు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మామయ్య. సగం సర్వీసు నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద గడిచింది. తరవాత భారత ప్రభుత్వం కట్టించిన సల్మా ఆనకట్ట పని మీద హెరాత్‌లో ఉండి వచ్చారు. రెండో మనిషి ఆయన మేనకోడలు, హైదరాబాదులో అర్థశాస్త్రం పాఠం చెబుతుంది. వాళ్ల మాటలు కాగితం మీద పెట్టడం, వాదం పక్కదారి పట్టినచోట కత్తిరించడం వరకే నా పని. ఒకటి రెండు చోట్ల నోరు కట్టుకోలేకపోయాను.

వాదమంతా ఒక్క పథకం చుట్టూ తిరుగుతుంది. 2003లో అఫ్ఘాన్ గ్రామీణ పునరావాస, అభివృద్ధి మంత్రిత్వ శాఖ మొదలుపెట్టిన జాతీయ సంఘీభావ కార్యక్రమం అది. అక్కడివాళ్లు దరీ భాషలో హంబస్తగీ-ఎ-మిల్లీ అంటారు. ఊరు రహస్య ఓటుతో ఒక అభివృద్ధి మండలిని ఎన్నుకోవాలి. అందులో ఆడవాళ్లూ ఉండాలి. మగవాళ్లతో కలిసి కూర్చోవడం కుదరని చోట ఆడవాళ్లకి వేరే సమావేశం పెట్టాలి. మండలికి కుటుంబానికి 200 డాలర్ల లెక్కన, ఊరికి 60,000 డాలర్లు మించకుండా డబ్బు వస్తుంది. ఏ పని చేసుకోవాలో ఊరే తేల్చుకుంటుంది. ఖర్చులో పదో వంతు ఊరే పెట్టుకోవాలి, నగదుగానో, రాయీ ఇసుకగానో, ఒంటి కష్టంగానో. డబ్బు ప్రపంచ బ్యాంకుదీ, దాతల దేశాలదీ. ఊళ్లో కూర్చుని దారి చూపేది స్వచ్ఛంద సంస్థలు. 34 రాష్ట్రాల్లో ముప్పై వేలకు పైగా మండలులు ఏర్పడ్డాయి. 2016లో ఈ పథకం పోయి దాని స్థానంలో పౌర ఒడంబడిక పేరుతో ఇంకొకటి వచ్చింది. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ చేతిలో పడిపోయింది.

మామయ్య: నువ్వు అంకెల్లో చూసిన దేశాన్ని నేను కళ్లతో చూశానమ్మా. సల్మా ఆనకట్ట అంచనా 2004లో 351 కోట్ల రూపాయలు. 2016 జూన్‌లో ప్రారంభోత్సవం నాటికి 1,700 కోట్లు దాటింది. దారిలో భద్రత లేదు, సామాను సమయానికి రాదు, ఎస్టిమేటు మీద ఎస్టిమేటు. ఆనకట్టని నేను తప్పుపట్టను. 42 మెగావాట్ల కరెంటు, 75 వేల హెక్టార్ల ఆయకట్టు ఊరికే రావు. కానీ అదే చిష్త్-ఎ-షరీఫ్ జిల్లాలో, కొండ వాలులో ఉన్న ఊళ్లు తమకొచ్చిన డబ్బుతో మంచినీళ్ల పైపులు వేసుకున్నాయి. కాంట్రాక్టరు లేడు, ముళ్లకంచె లేదు, తుపాకీ కాపలా లేదు. మా ఆనకట్టకి ఇవన్నీ కావలసి వచ్చాయి.

(అజ్మీర్ ఖ్వాజా పేరు చివరి చిష్తీ ఆ చిష్త్ నుంచి వచ్చిందే. మన దర్గాల్లో ఆ పేరు తలుచుకునేవాళ్లలో ఎందరికి ఆ ఊరు హెరాత్‌కి తూర్పున హరీరూద్ ఒడ్డున ఉందని తెలుసు!)

మేనకోడలు: పైపు మీద నాకు తగాదా లేదు మామయ్యా. పథకం పెట్టినవాళ్లు చెప్పుకున్నది పైపు ఒక్కటే అయితే నేనూ చప్పట్లు కొట్టి ఊరుకునేదాన్ని. వాళ్లు అంతకంటే పెద్ద మాట అన్నారు. ఊళ్లో ఖానుల పెత్తనం, మాలిక్‌ల పెత్తనం సడలి ఓటుతో గెలిచినవాళ్ల మాట చెల్లుతుందన్నారు. దాన్ని చూసి జనానికి కాబూల్ మీద నమ్మకం కుదురుతుందన్నారు. నేను అడిగేది ఆ మాట సంగతి.

మామయ్య: ఒక్కసారి 2003లోకి వెళ్లి నిలబడు. ఇరవై ఏళ్లకు పైగా యుద్ధం. కాబూల్ దాటితే ప్రభుత్వం అనేది కనపడదు. సైన్యం తాలూకు పునర్నిర్మాణ బృందాలు ఒక దిక్కున బడి కడతాయి, ఇంకొక దిక్కున రోడ్డు వేస్తాయి. ఎక్కడ, ఎందుకు అనేది ఊరివాణ్ణి అడిగేవాడు లేడు. అప్పుడు అష్రఫ్ గనీ ఆర్థిక మంత్రి, హనీఫ్ అత్మర్ గ్రామీణ మంత్రి. ఇండోనేషియాలో 1998 నుంచి నడుస్తున్న కెచమాతన్ పథకాన్ని చూశారు. 1990లలో మజార్-ఎ-షరీఫ్‌లో, అంతర్యుద్ధం మధ్యన, ఐక్యరాజ్యసమితి హాబిటాట్ వాళ్లు పేటల్లో నడిపిన సంఘాలను చూశారు. ఊరి చేతికే డబ్బిద్దామన్నారు. ఆ రోజున ఇంకేం దారుంది చెప్పు? అమెరికా ఒక్కటే ఇరవై ఏళ్లలో పునర్నిర్మాణం పేరిట 14,500 కోట్ల డాలర్లు పోసింది. కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరు, వాడి కింద ఇంకొకడు. ఊరికి చేరేటప్పటికి ఏం మిగిలిందో వాళ్ల సొంత తనిఖీ కార్యాలయమే ఏటేటా రాసింది.

మేనకోడలు: దొంగ ఖర్చుతో పోల్చి ఏ ఖర్చునైనా మంచిదనిపించవచ్చు.

మామయ్య: సరే, పోల్చను. ఊరివాళ్లు కలిసి పనిచెయ్యడం ఆ దేశంలో ఎవరో నేర్పితే వచ్చింది కాదు. అషర్ అంటారు. కాలువ పూడిక తీయాలన్నా, వరదకి కొట్టుకుపోయిన కట్ట వెయ్యాలన్నా ఇంటికో మనిషి రావాలి, రాకపోతే తప్పు కట్టాలి. పథకం ఆ అలవాటుకి ఒక బ్యాంకు ఖాతా తగిలించింది, అంతే.

మేనకోడలు: అషర్ ఉంది, ఊరి పెద్దలు కూర్చుని తేల్చే జిర్గా ఉంది, షూరా ఉంది, నీళ్లు పంచడానికి మీరాబ్ ఉన్నాడు. మరి కొత్త మండలి ఎందుకు? ఉన్నవాళ్లకే డబ్బిచ్చి ఉండాల్సింది.

మామయ్య: జిర్గాలో ఆడవాళ్లెక్కడమ్మా? భూమి లేనివాడి మాట ఎక్కడ? నువ్వే ఈ ప్రశ్న అడుగుతావా?

మేనకోడలు: నేను అడగబట్టే మీచేత ఆ జవాబు చెప్పించాను. అంటే కొత్త మండలి పాత పెద్దరికానికి పోటీగా పెట్టిందే. అలాంటప్పుడు ఇద్దరిలో ఎవరి మాట పైన అనేది రాసి పెట్టాలి. రాయలేదు. నా తగాదా అంతా అక్కడే. ఊహించి చెప్పడం లేదు. ఏండ్రూ బీత్, ఫొతీనీ క్రిస్తియా, రూబెన్ ఎనికొలొపొవ్ అనే ముగ్గురు 2007 నుంచి ఈ పథకాన్ని వెంటబడి చూశారు. పది జిల్లాలు, 500 ఊళ్లు. లాటరీ వేసి 250 ఊళ్లకి ముందు పథకం ఇచ్చారు, మిగతా 250కి తరవాత. మీ చిష్త్-ఎ-షరీఫ్ కూడా ఆ పదిలో ఉంది.

మామయ్య: ఆకలితో ఉన్న ఊరిని లాటరీలో పెట్టి నువ్వు తరవాత అనడం నాకు నచ్చదు.

మేనకోడలు: అన్ని ఊళ్లకీ ఒకేసారి ఇచ్చే డబ్బు లేదు. లాటరీ లేకపోతే ఏ కమాండరుకి పలుకుబడి ఉంటే వాడి ఊరికి ముందు పోయేది. ఆ రెంటిలో లాటరీయే మర్యాద. ఇక ఫలితాలు. మంచినీళ్లు, కరెంటు బాగా మెరుగుపడ్డాయి. మీ పైపు మాట నిజమే. సాగునీటి పనులు, రోడ్లు పెద్దగా ఫలితం ఇవ్వలేదు. ఊళ్లో మా బతుకు బాగుపడుతుందన్న ఆశ పెరిగింది కాని, పంటలో, రాబడిలో నిలబడే తేడా కనపడలేదు.

మామయ్య: సాగునీళ్లు ఎందుకు తప్పాయో మీ ముగ్గురు రాశారో లేదో కాని, నన్నడిగితే నేను చెబుతాను. కాలువ ఒక ఊరిది కాదు. హరీరూద్ నుంచి తీసిన కాలువ వరసగా ఎన్నో ఊళ్లు తడుపుకుంటూ పోతుంది. పై ఊరు తన డబ్బుతో తూము బాగుచేసుకుంటే కింది ఊరికి నీళ్లు తగ్గుతాయి. కింది ఊరు తన హద్దులో లైనింగు వేసుకుంటే, పైనుంచి చుక్క రాని కాలువకి సిమెంటు పూత పెట్టినట్టవుతుంది. పథకం ఊరికి ఇంత అని లెక్కగట్టింది. నీళ్లకి ఊరి పొలిమేర తెలియదు. తెలిసినవాడు మీరాబ్. మన నీరటి లాంటివాడు. నీరటికి ఒక చెరువు, మీరాబ్‌కి ఒక్కోసారి పది ఊళ్ల కాలువ. నీళ్లు వాడుకునే రైతులే వాణ్ణి పెట్టుకుంటారు, జీతం పంటలో ఇస్తారు. వంతు ఎవరిదో, పూడికకి ఏ ఊరు ఎంతమందిని పంపాలో వాడి నోట ఉంటుంది. పొట్లాట వస్తే రాత్రి కాలువ గట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడేది వాడే. మండలి ఎన్నికలో మీరాబ్ లేడు. వాడికి డబ్బు లేదు, డబ్బున్న మండలికి కాలువ తెలియదు.

మేనకోడలు: మీరు నన్ను ఖండిస్తున్నారా, నాకు సాక్ష్యం చెబుతున్నారా?

మామయ్య: పథకం కొలబద్ద తప్పంటున్నా, ఊరి చేతికి డబ్బివ్వడం తప్పనడం లేదు. కొలబద్ద సరిచేసుకోవచ్చు. మన దగ్గర 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు పెట్టినప్పుడు ఊరి హద్దు చూడలేదు, తూము కింద ఆయకట్టు చూశాం. పదివేలకు పైగా సంఘాలు. ఆ మొదటి రెండు మూడేళ్లు చివరి భూములకి నీళ్లు పోవడం నేను చూశాను. రైతు అధ్యక్షుడు పక్కన నిలబడి ఎం-బుక్కులో కొలతలు అడిగేవాడు. మా డిపార్టుమెంటులో చాలామందికి అది గిట్టలేదు, వేరే సంగతి.

మేనకోడలు: ఆ తరవాత? ప్రపంచ బ్యాంకు డబ్బు అయిపోయాక ఎన్నికలు వాయిదా, ఆపైన నామినేషన్లు. ఆంధ్రలో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు పెట్టేదాకా ఆ సంఘాలు ఉన్నాయన్న సంగతే చాలామంది మరిచిపోయారు. రాజ్యాంగం 73వ సవరణతో పంచాయతీలు ఉన్న దేశంలో, యుద్ధం లేని చోట, మీలాంటి ఇంజనీర్లు ఉన్న చోట ఇదీ కథ. అఫ్ఘానిస్తాన్‌లో అది నిలబడుతుందని ఎలా అనుకున్నారు?

ఇక్కడ కాసేపు ఇద్దరూ జన్మభూమి కమిటీల మీదికి, అక్కడి నుంచి గ్రామ వాలంటీర్ల మీదికి పోయి, పాత రాజకీయాలు తవ్వుకున్నారు. దాన్ని వదిలేస్తున్నాను. కాని ఆ తవ్వకంలో ఒక సంగతి ఇద్దరూ ఒప్పుకున్నారు: సర్పంచి ఒకడుండగా పక్కన ఇంకొక కమిటీ వేస్తే, ఊళ్లో పని అడగబోయినవాడు ఇద్దరి గుమ్మాల మధ్య తిరుగుతాడు. దీని అఫ్ఘాన్ రూపం కాసేపటికి గోధుమల దగ్గర బయటపడింది.

మామయ్య: ఆడవాళ్ల సంగతి చెప్పవేం? దానికి నువ్వు సంతోషించాలి కదా.

మేనకోడలు: సంతోషించాను. పథకం వచ్చిన ఊళ్లలో ఊరి విషయాల్లో ఆడవాళ్లు మాట్లాడటం సబబే అని ఒప్పుకునే మగవాళ్లు పెరిగారు. ఇంతకన్నా గట్టి ఫలితం ఆ నివేదికలో ఇంకొకటి లేదేమో. కాని ఇంటి గడప లోపల ఎవరి మాట చెల్లుతుందనే దాంట్లో తేడా రాలేదు. ఇంకో ముచ్చట ఉంది, అది మీ వైపు మొగ్గుతుంది. సగం ఊళ్లలో ఏ పని చెయ్యాలనేది సమావేశంలో మాట్లాడి తేల్చారు, సగం ఊళ్లలో ఊరంతా రహస్య ఓటు వేసి తేల్చారు. ఓటు వేసిన చోట పెద్దల ఇష్టం తక్కువ చెల్లింది, జనానికి తృప్తి ఎక్కువ మిగిలింది.

మామయ్య: మరి!

మేనకోడలు: మరి, పనులు పూర్తయ్యి డబ్బు అయిపోయాక ఏమైందో కూడా చూడండి. మండలి ఉన్న ఊళ్లలో, ఊరి పాలన ఎలా ఉందని అడిగితే మండలి లేని ఊళ్లకన్నా కాస్త తక్కువ మార్కులే పడ్డాయి. ప్రభుత్వం మీద నమ్మకం కొంత పెరిగిన మాట నిజం. పాకిస్తాన్ సరిహద్దు వైపు, నంగర్‌హార్ జిల్లాల్లో అదీ లేదు.

మామయ్య: అక్కడ పోరు నడిపేవాడు సరిహద్దు దాటి వస్తాడు. ఊరివాడి అభిమానంతో వాడికి పనేముంది? దానికి బావి తవ్విన మండలిని ఎందుకు అడుగుతావ్?

మేనకోడలు: ఒప్పుకుంటాను. గోధుమల సంగతి మాత్రం ఒప్పుకోను. 2011లో ఆ 500 ఊళ్లకే ఆహార సాయం కింద గోధుమలు వచ్చాయి. కొన్ని చోట్ల పంపిణీ మండలికి అప్పగించారు, కొన్ని చోట్ల ఊరి పెద్దలకి వదిలేశారు. మండలి ఉండి, పంపిణీ కూడా దానికే రాసిచ్చిన చోట గోధుమలు చేరవలసినవాళ్లకి ఎక్కువగా చేరాయి. ఆ మాటకి ఓటు గెలిచినట్టే. కాని మండలి ఉండి, పంపిణీ బాధ్యత ఎవరిదో తేల్చి చెప్పని చోట? మేలు జరగలేదు సరికదా, గోధుమలు పక్కదారి పట్టడం పెరిగింది. మండలే లేని ఊళ్లకన్నా హీనం. ఎందుకంటే, ఎప్పటినుంచో ఉన్న పెద్దకి ఊళ్లో ఒక బరువు ఉంటుంది. పంచకపోతే రేపు మొహం చూపించలేడు. కొత్త మండలి వచ్చి ఆ బరువుని సగం చేసింది, తాను మాత్రం బరువు మోయలేదు. తిన్నవాడు ఎవరని అడిగితే వీడు వాణ్ణి, వాడు వీణ్ణి చూపిస్తాడు. ఒక దొర ఉన్న ఊళ్లోకి ఇంకొక దొరని పంపి, ఎవరు ఏం చెయ్యాలో చెప్పకుండా వచ్చేశారు.

(నన్నడిగితే, ఈ పథకం గురించి ఎవరేం రాసినా ముందు చదవవలసింది ఈ గోధుమల లెక్కే. బావుల సంఖ్యలు, ఎన్నికైన ఆడవాళ్ల శాతాలు తరవాత.)

మామయ్య: దీని తప్పు ఊరిది కాదమ్మా, కాబూల్‌ది. 2004 రాజ్యాంగం 140వ అధికరణలో ఊళ్లకి ఎన్నికైన మండలులు ఉండాలని రాసుకున్నారు. ఆ ఎన్నిక ఒక్కసారైనా పెట్టలేదు. పథకం మండలిని రాజ్యాంగం చెప్పిన గ్రామ మండలిగా మార్చమని ఎందరో అడిగారు. మార్చలేదు. 2007లో స్థానిక పాలనకి స్వతంత్ర డైరెక్టరేట్ అని ఇంకొక కార్యాలయం పెట్టారు. అది గ్రామీణ మంత్రిత్వ శాఖతో పోటీ. ఈ శాఖ జిల్లాలో ఒక అసెంబ్లీ పెడితే, ఆ కార్యాలయం ఇంకొక దాత డబ్బుతో అదే జిల్లాలో వేరే మండలి పెట్టింది. ఊళ్లో నువ్వు చెప్పిన ఇద్దరు దొరలు. జిల్లాలో ఇంకో ఇద్దరు.

మేనకోడలు: మీరూ నేనూ ఒకే మాట అంటున్నామే!

మామయ్య: లేదు. ఇక్కడే విడిపోతాం. నువ్వు అడిగినట్టు 2005లోనే మండలికి పూర్తి అధికారం రాసిచ్చారనుకో. పన్ను, పోలీసు, భూమి తగాదా అన్నీ. మరునాడు ఆ ఎన్నికలో ఎవరు నిలబడేవారు? కమాండర్లు. వాళ్ల తమ్ముళ్లు. మండలి చేతిలో పైపులూ కల్వర్టులూ మాత్రమే ఉండబట్టి వాళ్లు దాన్ని పట్టించుకోలేదు. బడిపంతులు, చిన్న రైతు, చదువుకున్న అమ్మాయి అందులోకి రాగలిగారు. తాలిబాన్ పట్టులో ఉన్న జిల్లాల్లో కూడా మండలులు పనిచేశాయి. ఊరి పెద్దలు పోయి మాట్లాడి, ఇది ప్రభుత్వం కాదు, మా ఊరి నీళ్లు, అని ఒప్పించుకున్నారు. పౌర ఒడంబడిక కూడా అలాంటి జిల్లాల్లో నడిచింది. పెత్తనం లేకపోవడమే దాని ప్రాణం కాపాడింది.

మేనకోడలు ఇక్కడ వెంటనే జవాబు చెప్పలేదు. ఆమె లెక్కకి ఆయన మాట అడ్డం వస్తుంది, ఆయన మాటకి ఆమె లెక్క అడ్డం వస్తుంది. ఎవరిది ఏ పనో రాయకపోతే గోధుమలు పోతాయి. రాస్తే మండలే పోతుంది. యుద్ధం నడుస్తున్న దేశంలో ఊరి స్వపరిపాలన గురించి రాసే పుస్తకాల్లో ఈ ముడి చాలావరకు కనపడదు. కాబూల్‌లో కూర్చుని దస్తావేజు రాసినవాళ్లు దాన్ని విప్పలేదు సరికదా, పథకం సజావుగా సాగాలంటే విప్పకపోవడమే మేలనుకున్నారని నా అనుమానం.

మేనకోడలు: ప్రాణం నిలిచిందంటున్నారు. దేనికోసం నిలిచింది? గనీ గారు క్లేర్ లాక్‌హార్ట్‌తో కలిసి విఫల రాజ్యాలను ఎలా బాగుచెయ్యాలో 2008లో పుస్తకం రాశారు. అందులో ఈ పథకం గొప్ప ఉదాహరణ. ఆయనే అధ్యక్షుడయ్యారు. 2016లో పౌర ఒడంబడిక తెచ్చి, ప్రతి ఊరికీ మంచినీళ్లు, బడి, వైద్యం, ఒక మౌలిక వసతి హక్కుగా ఇస్తామన్నారు. టీచరు వస్తున్నాడా, ఆసుపత్రిలో మందు ఉందా అని మండలే మార్కులు వెయ్యాలన్నారు. 2021 ఆగస్టులో ఆయన దేశం విడిచి వెళ్లిన రోజున, ముప్పై వేల మండలుల్లో ఏ ఒక్కటైనా ఆ రాజ్యం కోసం రోడ్డు మీదికి వచ్చిందా?

మామయ్య: ఎందుకు రావాలి? ఊరికి బావి ఇచ్చినందుకు ఊరు రాజ్యం కోసం చావాలా? అలా చూస్తే బావి కూడా లంచమే అవుతుంది. అమెరికా సైన్యం లెక్క అది. బావి ఇచ్చి మనసు కొనడం. నేను ఆ లెక్క ఒప్పుకోను. బావికి నీళ్లు వచ్చాయా లేదా, అదొక్కటే దాని పరీక్ష.

మేనకోడలు: ఇది మీరు ఇవాళ అంటున్న మాట. అప్పట్లో పథకానికి డబ్బు తెచ్చింది మీరు కాదన్న ఆ లెక్కే.

మామయ్య: తెచ్చింది. దాతకి ఒక ఆశ, ఊరికి ఒక అవసరం. ఎప్పుడైనా అంతే కదా. ఆగస్టు 15 తరవాత ఏమైందో చూడు. అప్పటిదాకా ప్రభుత్వ ఖర్చులో నాలుగింట మూడు వంతులు విదేశీ సాయం. అది ఒక్కసారిగా ఆగింది. జీతాలు లేవు, బ్యాంకుల్లో నోట్లు లేవు, పైన కరువు. సాయం చేద్దామనుకునేవాడికి ప్రభుత్వం చేతికి డబ్బివ్వడం కుదరదు. మరి ఊళ్లోకి ఎలా పోవాలి? 2022లో అఫ్ఘాన్ పునర్నిర్మాణ నిధి నుంచి 26 కోట్ల 50 లక్షల డాలర్లతో ఒక పథకం పెట్టారు, ఐక్యరాజ్యసమితి ప్రాజెక్టుల సంస్థ చేతుల మీదుగా. కాలువ పూడిక, ఊరి రోడ్డు, కట్టలు, కూలి డబ్బు. ఊళ్లో పని ఎవరిని అడిగారు? నువ్వు పనికిరావన్న ఆ మండలులనే. మంత్రి లేడు, అధ్యక్షుడు లేడు, రాజ్యాంగం లేదు. ఊళ్లో ఎవరి ఇల్లు ఎక్కడ, ఎవరికి మగదిక్కు లేదు, ఎవరి కాలువ ఎక్కడ తెగింది అని తెలిసినవాళ్లు మాత్రం మిగిలారు. సంస్థ అంటే అదేనమ్మా. నీ నివేదికలో దానికి మార్కుల పట్టిక లేదు.

మేనకోడలు: ఒప్పుకుంటాను, 2013 నివేదికలో 2022 ఉండదు. మీరన్నది పెద్ద మాటే. కాని దాంట్లో కూడా ఒక మెలిక ఉంది. కూలి పని ఎక్కువగా మగవాళ్లకే. ఆడవాళ్ల మాటేమిటి? 2022 డిసెంబరు 24న తాలిబాన్ స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్లు పనిచెయ్యకూడదన్నారు. 2023 ఏప్రిల్లో ఐక్యరాజ్యసమితి ఆఫీసుల్లో కూడా. మీ మండలి దగ్గరికి పోయే సంస్థలో ఆడ ఉద్యోగి లేకుండా పోయింది. పదేళ్లు కష్టపడి, ఊరి విషయాల్లో ఆడవాళ్ల మాట సబబే అనిపించిన ఆ ఒక్క గట్టి ఫలితాన్ని ఒక ఫర్మానుతో తుడిచేశారు. రాసిపెట్టిన అధికారం లేకపోతే ఇలాగే అవుతుంది.

మామయ్య: రాసిపెట్టి ఉంటే చింపరా? రాజ్యాంగాన్నే పక్కన పడేసినవాళ్లు.

మేనకోడలు: చింపుతారు. కాని చింపవలసి వస్తుంది. ఎవరి దగ్గరినుంచి ఏది లాక్కున్నారో పేరు పెట్టి చెప్పుకోవచ్చు. ఇప్పుడు లాక్కున్నది ఏమిటి? మీటింగుకి పిలవకపోవడం. దానికి ఎవరి దగ్గర ఫిర్యాదు ఉంటుంది?

మామయ్య: సరే, రేపు నీ చేతికి డబ్బిచ్చి ఆ దేశానికి పంపారనుకో. ఏం చేస్తావ్?

మేనకోడలు: మీరు చెప్పండి. పని చేసిన మనిషి మీరు.

మామయ్య: మొదట కాలువ డబ్బు ఊరికి ఇవ్వను, కాలువకి ఇస్తాను. మీరాబ్‌ని, పై ఊరు కింది ఊరు రెండింటి రైతుల్ని కూర్చోబెట్టి, వాళ్ల సంతకం మీద ఇస్తాను. మంచినీళ్లు, కరెంటు, బడి గోడ డబ్బు మాత్రం ఊరి చేతికి. ఇక నీ గోధుమలు. అవి ఏ ఊళ్లో ఎవరు పంచుతారో ముందే ఒక కాగితం మీద రాయిస్తాను. సగం నీకు, సగం నీకు అని కాదు, ఒక్కరికే. పంచినవాడి పేరు మసీదు గోడ మీద.

మేనకోడలు: ఆ కాగితం మీద సంతకం ఎవరిది?

మామయ్య: జిల్లా అధికారిది.

మేనకోడలు: తాలిబాన్ పెట్టిన జిల్లా అధికారిది.

మామయ్య: పెట్టనీ. అక్కడ ఇవాళ ఉన్నవాడు వాడే. వాడి సంతకం అక్కర్లేదంటే ఊరివాడి మీదికి వస్తుంది.

మేనకోడలు: మగదిక్కు లేని ఇళ్ల పేర్లు జాబితాలోకి ఎలా వస్తాయి? ఆడ ఉద్యోగిని పంపడానికి లేదు. పరాయి మగవాణ్ణి ఆ ఇంటి గుమ్మం దాటనివ్వరు.

మామయ్య: మండలిలో ఒకప్పుడు కూర్చున్న ఆడవాళ్లు ఊళ్లోనే ఉన్నారు కదా. నిషేధం సంస్థల ఉద్యోగుల మీద. వీళ్లు ఉద్యోగులు కారు, పక్కింటివాళ్లు. పక్కింటికి పోయి, నీ ఇంట్లో ఎంతమంది, పిండి ఉందా అని అడగడానికి ఆ ఫర్మాను అడ్డం రాదు. వాళ్లు పేర్లు తెస్తారు, ఊరి మగవాడొకడు రాసుకుంటాడు.

మేనకోడలు: అంటే ఆమెకి ఏ హోదా లేకుండా ఉంటేనే ఆమె పనికొస్తుందంటారు.

మామయ్య: ఈ ఏడు అంతే. ఆకలి కూడా ఈ ఏటిదే కదా.

మేనకోడలు: వచ్చే ఏడు, పేర్లు తెచ్చినామె పేరే జాబితాలో లేకపోతే ఆమె ఎవరిని అడగాలి మామయ్యా?